ఇతరుల వ్యాపకాల గురించి చదవడం ఎలా?

తోటపని చేసేవారు తోటల గురించి, బొమ్మలు వేసేవారు చిత్రకళ గురించి చదవడం సహజమే. అయితే మనకు ఏమాత్రం పరిచయం లేని పనిలో మరొకరు ఏళ్ల తరబడి ఎందుకు మునిగిపోయారో తెలుసుకున్నప్పుడే ఈ చదువు మన చూపును నిజంగా విశాలం చేస్తుంది. అందుకని తెలిసిన వ్యాపకం గురించి ఒకటి చదివితే, తెలియని వాటి గురించి రెండు చదవడం మంచి పద్ధతి.

ముందుగా రాసినవారెవరో చూడండి. ఆ పనిని స్వయంగా చేసినవారి, లేదా వారి పక్కనే ఉండి చూసినవారి ఉత్తరాలు, డైరీలు, జ్ఞాపకాలు దొరికితే వాటికే మొదటి స్థానం ఇవ్వాలి. ఫలానా వ్యాపకం వల్ల ఇన్ని లాభాలున్నాయని ఏకరువు పెట్టే వ్యాసాలను పైపైన చూసి వదిలేయవచ్చు, ఎందుకంటే వాటిలో పని చేస్తున్న మనిషి కనిపించడు.

చదివేటప్పుడు ఫలితం మీద కాక, పని జరిగిన తీరు మీద దృష్టి నిలపండి. సంగీతమే వృత్తిగా ఉన్న విలియం హెర్షెల్ తాను తయారుచేసుకున్న టెలిస్కోపుతో 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడన్న వాక్యం పరీక్షకు పనికొస్తుంది గాని, ఆ మనిషిని మనకు చూపించదు. టెలిస్కోపులో అమర్చే ఒక అద్దానికి మెరుగు పెడుతూ ఆయన 16 గంటల పాటు దాని మీద నుంచి చేయి తీయలేదని, అలాంటి సమయాల్లో తానే ఆహారాన్ని కొద్దికొద్దిగా నోటికి అందించేదాన్నని చెల్లెలు కారొలిన్ రాసిన మాటలు చదివితే ఆయన తపన కళ్లకు కడుతుంది. అంతసేపు ఆపకుండా ఎందుకు చేయవలసి వచ్చిందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. దాన్ని వెంటనే రాసిపెట్టుకుని, అద్దాల తయారీ గురించి వెతకాలి.

ఇందుకోసం చిన్న నోటుపుస్తకం చాలు. పనిముట్లేమిటి, చేతులు ఏం చేస్తాయి, పని ఎక్కడ చెడుతుంది అన్న మూడు విషయాలు రాసుకోండి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన రైతు విల్సన్ బెంట్లీ 1885లో మైక్రోస్కోపుకు కెమెరా బిగించి మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. రాలే మంచును నల్లటి పలక మీద పట్టి, ఎంచుకున్న స్ఫటికాన్ని గాజుపలక మీదికి చేర్చి, ఈకతో మెల్లగా అదిమేవాడు. ఊపిరి తగిలినా అది కరిగిపోతుంది. ఇలా జీవితకాలంలో 5000కు పైగా చిత్రాలు తీశాడు. ఈ వివరాలను మీ మాటల్లో రాయలేకపోతే, ఆ భాగాన్ని సరిగా చదవలేదని గ్రహించి మళ్లీ చదవండి.

ఆయా పనుల్లో వాడే ప్రత్యేక పదాలను దాటవేయవద్దు. నిఘంటువు చెప్పే అర్థం కంటే, ఆ పనిముట్టు బొమ్మనో వీడియోనో చూడటం త్వరగా బోధపరుస్తుంది.

తరువాత ఏం చదవాలో ఇప్పుడు చదివినదే సూచిస్తుంది. బెంట్లీ మైక్రోస్కోపు మీద ఆసక్తి కలిగితే, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారం చేసి, సొంతంగా కటకాలు అరగదీసుకుని సూక్ష్మజీవులను చూసిన లీవెన్‌హుక్ దగ్గరికి వెళ్లండి. ఆయన 1673 నుంచి సుమారు 50 ఏళ్లు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. వాటికి ఇంగ్లిషు అనువాదాలున్నాయి. ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో రోజుకు కేటాయించుకుని నిదానంగా చదవండి.