చింతపిక్కలు, గుడ్ల అట్టతో చిన్నపిల్లలకు లెక్కలు

నాలుగేళ్ల పిల్ల ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తే లెక్కలు వచ్చేశాయని మురిసిపోతాం. అదే పిల్ల ముందు ఏడు చింతపిక్కలు పోసి లెక్కపెట్టమనండి, వేలు ఒక పిక్క మీదే ఉంటుంది, నోరు మాత్రం మూడు అంకెలు దాటేస్తుంది. అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఆ రెండోది చేతికి పనిపెడితేనే వస్తుంది, కాబట్టి వర్క్‌బుక్కులకు తొందరేం లేదు.

పులుసు పిసికాక మిగిలిన పిక్కలు ఓ పదిహేను కడిగి ఎండబెట్టండి. ఒక్కోదాన్ని ఒకవైపు మాత్రమే గరుకు బండ మీద, లేదంటే సాండ్ పేపర్ మీద, గోధుమరంగు తొక్క పోయి తెల్లగా కనిపించేదాకా అరగదీయాలి. చివర్లో పిల్లల చేతికివ్వండి, మొత్తం వాళ్లే చెయ్యాలంటే వేళ్లు గీరుకుపోతాయి. (అరగదీసిన పిక్క వేడిగా ఉంటుంది, పక్కవాళ్ల చేతికి చురక పెట్టొచ్చని మీరు చెప్పకపోయినా కనిపెట్టేస్తారు!)

ఇప్పుడు ఐదు పిక్కలు గుప్పిట్లో ఊపి వెయ్యమనండి. తెల్లవి ఎన్ని, నల్లవి ఎన్ని, మొత్తం ఎన్ని? మొదట్లో ప్రతిసారీ ఒకటి నుంచి మళ్లీ లెక్కపెడతారు, పెట్టనివ్వండి, మధ్యలో అందించకండి. కొన్నాళ్లకు ఎలా పడినా మొత్తం ఐదేనని చూడకుండానే చెప్పేస్తారు. అప్పుడు నల్లవాటి మీద చెయ్యి మూసి, "రెండు తెల్లవి కనిపిస్తున్నాయి, నా చేతి కింద ఎన్ని?" అనండి. తీసివేతే ఇది, మైనస్ గుర్తు మాత్రం లేదు.

పడిన ప్రతి రకాన్నీ రెండు రంగుల స్టిక్కర్ బొట్లతో కాగితం మీద ఒక వరుసగా అంటించాలి. ఐదూ తెల్లవి, నాలుగు తెల్లవి ఒకటి నల్లది, అలా ఐదూ నల్లవయ్యేదాకా పేరిస్తే ఆరు వరుసలొస్తాయి, మెట్లలా దిగుతాయి. మధ్యలో ఒకటి తప్పితే మెట్టు విరిగినట్టు పిల్లలకే కనిపిస్తుంది. సున్నా అంటే ఏంటో కూడా ఆ చివరి వరుస దగ్గరే చెప్పొచ్చు. ఐదు బాగా వచ్చాకే ఆరు, ఏడు.

పది నేర్పడానికి ముప్పై గుడ్లు పట్టే అట్ట చాలు. అడ్డంగా ఐదు గుంటలుండే వరుసలు ఆరుంటాయి, రెండేసి వరుసల చొప్పున కత్తిరిస్తే పదేసి గుంటల ముక్కలు మూడొస్తాయి. పై వరుస నిండాకే కింది వరుసలో వెయ్యమనండి. ఏడు పిక్కలేస్తే ఐదూ రెండూ చూడగానే తెలుస్తాయి, పదికి ఇంకా మూడు ఖాళీలున్నాయనీ తెలుస్తుంది. పదమూడంటే ఒక ముక్క నిండుగా, రెండోదాంట్లో మూడు.

ఐదారేళ్లొచ్చాక అవే పిక్కలు నాలుగు తీసుకుని అష్టాచమ్మా మొదలుపెట్టండి. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, ఒక్కటీ తెల్లగా పడకపోతే ఎనిమిది. ఇక్కడ దాదాపు పిల్లలందరూ కాయ ఉన్న గడినే "ఒకటి" అనేసి మొదలుపెడతారు. తిట్టకండి, కాయ పక్క గడిలోకి ఎగిరితేనే అంకె చెప్పాలని రూల్ పెట్టండి, సర్దుకుంటారు.

మూడేళ్లలోపు వాళ్లు ఇంట్లో తిరుగుతుంటే మాత్రం పిక్కలు అసలొద్దు, ముక్కులోనో నోట్లోనో పెట్టేసుకుంటారు. వాళ్లకు స్పూన్లు, స్టీలు గ్లాసులు ఇవ్వండి.