ఆకురాలు కాలపు ఫొటోలను ఎడిట్ చేయడం ఎలా?

ఆకులు రంగు మారే రోజుల్లో తీసిన ఫొటోను కంప్యూటర్‌లో తెరవగానే చాలామందికి ముందు నిరాశే ఎదురవుతుంది. చెట్టు కింద నిలబడినప్పుడు కళ్లు తిప్పుకోనివ్వని ఎరుపు, బంగారు పసుపు తెరమీదికొచ్చేసరికి వెలిసిన బట్టలా కనిపిస్తాయి. దాంతో చెయ్యి నేరుగా రంగుల చిక్కదనాన్ని పెంచే శాచురేషన్ స్లైడర్ మీదికి పోతుంది. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. తర్వాతెప్పుడో ఆ ఫొటోలు మళ్లీ తెరిచి చూస్తే ఒక్క ఆకుకీ ఈనెలు కనిపించలేదు. కొమ్మంతా ఒకే నారింజ ముద్ద. ఎంత కష్టపడి వెళ్లి తీసిన ఫొటోలో! చాలా బాధ అనిపించింది.

అప్పటినుంచి వేరే దారి పట్టాను. ఈ కాలంలో తీసిన ఫొటోలో రంగు ముందే దండిగా ఉంటుంది. సరిపడని వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటో రంగుల్ని సరిచేసే సెట్టింగ్), ఆకుల మీది మెరుపు, పక్కనున్న పచ్చదనం దాన్ని కప్పేస్తుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తప్పిస్తూ పోతే రంగు దానంతట అదే బయటికొస్తుంది. కింది పద్ధతంతా ఈ ఆలోచన మీదే నడుస్తుంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రా థెరపీల్లోనైనా ఇలా చేసుకోవచ్చు. స్లైడర్ల పేర్లు కొద్దిగా మారతాయి, అంతే.

1. తీసేటప్పుడే మూడు జాగ్రత్తలు

కెమెరాలో ఫైల్ రకాన్ని రా అని పెట్టుకోండి. కెమెరా సెన్సర్ నమోదుచేసినదాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైల్ ఇది. జేపెగ్‌లో ఒక్కో రంగు చానెల్‌కి (ఎరుపు, పచ్చ, నీలం) 256 మెట్లే ఉంటాయి. 12 బిట్ రా ఫైల్లో 4,096, 14 బిట్ ఫైల్లో 16,384 ఉంటాయి. ముదురు ఎరుపు నుంచి లేత ఎరుపుకి మెల్లగా మారే మేపుల్ ఆకును గట్టిగా సవరిస్తే జేపెగ్‌లో రంగు చారలు చారలుగా విడిపోతుంది. రా ఫైల్ తట్టుకుంటుంది. ఇప్పుడు చాలా ఫోన్లలో కూడా డీఎన్‌జీ రూపంలో రా ఫైల్ వస్తోంది.

పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తప్పకుండా వాడండి. ఆకుల మీద, ముఖ్యంగా వాన పడ్డాక, ఆకాశపు వెలుగు తెల్లగా మెరుస్తుంది. ఫిల్టర్‌ను తిప్పుతూ చూస్తే ఆ మెరుపు తగ్గి కిందనున్న రంగు తేలుతుంది. తెల్ల మెరుపు కింద దాక్కున్న రంగు ఫైల్లో నమోదే కాదు కాబట్టి దీన్ని తర్వాత ఎడిటింగ్‌లో తెచ్చుకోలేం. ఫిల్టర్ ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). గాలి వీస్తుంటే షటర్ స్పీడ్ ఒకసారి చూసుకోండి.

మూడోది చాలామంది చేయరు. చూసిన రంగును అక్కడే ఫోన్లో నాలుగు మాటల్లో రాసుకోండి. "మబ్బు పట్టింది. పైన పసుపు, కింద ఇంకా పచ్చ. నేల మీద తడి గోధుమ రంగు." ఇంటికి చేరేసరికి మన జ్ఞాపకం రంగుల్ని పెంచేస్తుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు ఈ నాలుగు మాటలే మనల్ని దారిలో పెడతాయి.

2. తెరను సిద్ధం చేసుకోవడం

రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండేందుకు తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఉంటుంది కదా, దాన్ని ఆపేయండి. అది వేసి ఉంటే ఫొటోలో ఎంత పసుపు ఉందో తెలిసే వీలే లేదు. తెర వెలుగును మరీ ఎక్కువ పెట్టొద్దు. చీకటి గదిలో పూర్తి వెలుగుతో పనిచేస్తే ఫొటో మనకు బాగానే కనిపిస్తుంది గానీ, ప్రింట్ తీసినప్పుడు చీకటిగా వస్తుంది.

3. వైట్ బ్యాలెన్స్

తెరమీద రంగులు వెలిసిపోయి కనిపించడానికి తరచూ ఇదే అసలు కారణం. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉన్నప్పుడు, ఫ్రేమంతా పసుపు నిండితే వెలుగే పసుపుగా ఉందనుకుని దాన్ని నీలం వైపు తోసేస్తుంది. ఏ రంగు కోసం వెళ్లామో సరిగ్గా దాన్నే తగ్గిస్తుంది.

ఎడిటర్‌లో వైట్ బ్యాలెన్స్‌ను కెల్విన్ అంకెల్లో పెడతాం, అంకె పెంచితే ఫొటో వెచ్చగా, పసుపుగా మారుతుంది. ముందు 5,500 కెల్విన్ దగ్గర పెట్టి చూడండి. అది దాదాపు పగటి ఎండకు సరిపోయే అంకె. మబ్బు ఉన్న రోజైతే 6,000 నుంచి 6,500, పూర్తి నీడలో తీసినదైతే 7,000 దాటి కూడా వెళ్లాల్సి రావచ్చు. 300 చొప్పున జరుపుతూ పోండి. ఎక్కడ ఆపాలో ఆకుల్ని చూసి తేల్చకండి, ఆకులు ఎంత వెచ్చబడినా బాగున్నట్టే అనిపిస్తాయి. చెట్ల బెరడు, రాళ్లు, పొగమంచు, మేఘాలు చూడండి. బర్చ్ చెట్టు తెల్ల బెరడు మీగడ రంగులోకి తిరిగిందంటే దాటిపోయినట్టే, వెనక్కి రండి.

దట్టమైన చెట్ల కింద తీసిన ఫొటోలో, ఆకుల్లోంచి దిగిన వెలుగు వల్ల అంతటా ఒక పచ్చని ఛాయ ఉంటుంది. టింట్ స్లైడర్‌ను కొద్దిగా మెజెంటా వైపు జరిపితే అది పోతుంది. నీడల్లోని నీలాన్ని మాత్రం పూర్తిగా తుడిచేయొద్దు. ఆ చల్లదనం పక్కన ఉంటేనే పసుపు వెచ్చగా అనిపిస్తుంది. అంతా వెచ్చగా మార్చేస్తే పోల్చుకోవడానికి కంటికి ఏమీ మిగలదు.

4. రంగుకన్నా ముందు వెలుగు

ఎక్స్‌పోజర్‌ను 0.3 స్టాపు తగ్గించి చూడండి. హైలైట్స్‌ను, అంటే బాగా వెలుగున్న చోట్లను, కిందికి దించండి. బ్లాక్స్‌ను, అంటే అన్నిటికన్నా చీకటి చోట్లను, నీడల్లో లోతు వచ్చేదాకా తగ్గించండి. చాలా ఎడిటర్లలో కాంట్రాస్ట్ పెంచితే రంగు చిక్కదనం కూడా దాంతోపాటు పెరుగుతుంది. ఇంతవరకూ చేసేసరికే సగం ఫొటోలకు శాచురేషన్ అవసరం తీరిపోతుంది. రంగులు ముందు ముట్టుకుని తర్వాత కాంట్రాస్ట్ పెంచితే చేసిన పనంతా మళ్లీ సరిచేసుకోవాలి.

అంచుల్ని గట్టిపరిచే క్లారిటీ, మసకను తొలగించే డీహేజ్ జోలికి తొందరగా పోవద్దు. పొగమంచు ఉన్న ఉదయం ఫొటోలో డీహేజ్ వేస్తే ఏ మంచు కోసం తెల్లవారకముందే లేచి వెళ్లామో ఆ మంచే మాయమవుతుంది.

5. ఒక్కో రంగునూ విడిగా సవరించడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. హ్యూ, శాచురేషన్, ల్యూమినెన్స్ అనే మూడు వరుసల స్లైడర్లు ఉండే చోటికి వెళ్లండి. మొదటిది రంగును పక్క రంగు వైపు జరుపుతుంది, రెండోది చిక్కదనం మారుస్తుంది, మూడోది ఆ రంగు ఎంత వెలుగుతో ఉండాలో నిర్ణయిస్తుంది.

మొదట పచ్చ రంగు. సగం మారిన చెట్టులో మిగిలిన పచ్చదనం కంటిని తనవైపు లాగుతుంది. గ్రీన్ శాచురేషన్‌ను 15 నుంచి 30 దాకా తగ్గించి, ల్యూమినెన్స్ కూడా కొంచెం దించండి. పక్కనున్న ఎరుపు ముందుకొచ్చినట్టు ఉంటుంది, దాన్ని మనం ముట్టుకోనేలేదు. గ్రీన్ కదిపినా గడ్డి మారలేదంటే ఆశ్చర్యపోకండి. మనం పచ్చగా చూసే గడ్డి, ఆకులు చాలావరకు సాఫ్ట్‌వేర్ లెక్కలో పసుపు కిందికే వస్తాయి.

తర్వాత ఎల్లో ల్యూమినెన్స్ కాస్త పెంచండి. ఎండకు ఎదురుగా తీసిన ఆకుల్లో వెలుగు లోపలినుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. రెడ్, ఆరెంజ్‌లలో అయితే ల్యూమినెన్స్‌ను కొద్దిగా తగ్గించడమే నాకు నచ్చుతుంది. ఎరుపుకి బరువు వస్తుంది.

హ్యూ దగ్గర మాత్రం ఆకు గురించి తెలిసి ఉండాలి. రోజులు పొట్టివవుతున్నకొద్దీ ఆకులో పచ్చదనమిచ్చే క్లోరోఫిల్ విరిగిపోతుంది. దాని చాటున ముందునుంచీ ఉన్న కెరోటినాయిడ్లు అప్పుడు పసుపు, నారింజ రంగుల్లో బయటపడతాయి. ఎరుపు కథ వేరు. ఆంథోసయనిన్ అనే ఆ పదార్థాన్ని చాలా చెట్లు అప్పుడే, ఆకులో మిగిలిన చక్కెరల సాయంతో కొత్తగా తయారుచేసుకుంటాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా పండుతుంది. అందుకే ఒకే మేపుల్ చెట్టులో ఎండ తగిలే కొమ్మలు ఎర్రబడితే, లోపలి నీడలోని ఆకులు పసుపు దగ్గరే ఆగిపోతుంటాయి. బర్చ్, గింగో చెట్లు పసుపుకి తిరుగుతాయి.

ఎల్లో హ్యూను నారింజ వైపు బాగా జరిపితే ఎర్రటి బర్చ్ తోట తయారవుతుంది. అలాంటి తోట మామూలుగా కనిపించదు. చెట్ల గురించి తెలిసినవాళ్లకు ఆ ఫొటో చూడగానే నమ్మకం పోతుంది. అందుకే హ్యూలో నేను 5, మహా అయితే 10 దాటను.

చిక్కదనం పెంచే ఇంకో స్లైడర్ వైబ్రన్స్ గురించి ఒక మాట. శాచురేషన్ కన్నా అది సురక్షితమని అందరూ చెబుతారు. తక్కువ చిక్కదనం ఉన్న రంగుల్నే ఎక్కువగా పెంచుతుంది కాబట్టి మామూలు ఫొటోలకు అది నిజమే. కానీ మనుషుల చర్మం రంగు చెడిపోకూడదని చాలా సాఫ్ట్‌వేర్లలో దాన్ని నారింజ మీద తక్కువ పనిచేసేలా చేశారు. ఆకుల ఫొటోలో అది ముందు ఆకాశపు నీలాన్ని, నీడల్నే పెంచుతుంది. ఆకులు వెనకబడిపోతాయి.

6. మాస్కులు

కన్ను ఎక్కడ ఆగాలో అక్కడ గుండ్రటి మాస్క్ (సవరణ ఆ మేరకే పనిచేసేలా గీసుకునే హద్దు) పెట్టి కొంచెం వెలుగు పెంచండి, అంచుల్లో కొంచెం తగ్గించండి. మాస్క్ పెట్టినట్టు చూసేవాళ్లకు తెలియకూడదు. ఇంతకుమించి సాధారణంగా అవసరం పడదు.

7. ఇప్పుడు ప్రయోగాలు

పై సవరణలన్నీ అయ్యాక ఫొటోకి వర్చువల్ కాపీ చేసుకోండి. రా ఎడిటర్లు అసలు ఫైల్‌ను మార్చవు, చేసిన సవరణల చిట్టా మాత్రమే విడిగా దాచుకుంటాయి. కాబట్టి ఎన్ని కాపీలైనా భయం లేకుండా చేసుకోవచ్చు. ఇక్కడ చూసింది చూసినట్టు చూపించాలన్న నియమం పక్కన పెట్టి స్వేచ్ఛగా ఆడుకోండి. కింది వాటిలో మొదటి మూడింటికి లేయర్లు (ఒకదానిమీద ఒకటి పేర్చుకునే పొరలు) ఉండే ఫొటోషాప్ గానీ, ఉచితమైన గింప్ గానీ కావాలి.

ఆర్టన్ ఎఫెక్ట్: 1980లలో కెనడా ఫొటోగ్రాఫర్ మైఖేల్ ఆర్టన్ స్లైడ్ ఫిల్మ్‌తో చేసిన ప్రయోగం ఇది. ఒకే దృశ్యాన్ని ఒకసారి స్పష్టంగా, ఒకసారి ఫోకస్ తప్పించి, రెండూ ఎక్కువ వెలుగుతో తీసి ఆ రెండు స్లైడ్లనూ ఒకదానిమీద ఒకటి పెట్టేవాడు. కలలో చూసినట్టు మెత్తటి వెలుగు వచ్చేది. ఇప్పుడైతే ఫొటో లేయర్‌ను డూప్లికేట్ చేసి, పై లేయర్‌కి గాసియన్ బ్లర్ అనే మసక ఫిల్టర్ వేయండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటోకి 20 నుంచి 40 పిక్సెళ్ల రేడియస్‌తో మొదలుపెట్టవచ్చు. పై లేయర్ కిందిదానితో కలిసే తీరును, అంటే బ్లెండ్ మోడ్‌ను, సాఫ్ట్ లైట్‌గా మార్చి, ఆ లేయర్ ఎంత గట్టిగా కనిపించాలో చెప్పే ఒపాసిటీని 10 నుంచి 20 శాతానికి దించండి. ఇది రంగును, కాంట్రాస్ట్‌ను రెండింటినీ పెంచుతుంది కాబట్టి 20 దాటితే మళ్లీ ఆ నారింజ ముద్ద దగ్గరికే వెళ్తాం. దూరంగా ఉన్న చెట్ల మీద ఇది అందంగా ఉంటుంది. ముందున్న ఆకుల మీద మాస్క్‌తో చెరిపేయండి.

నిలువు గీతల అడవి: నిటారు కాండాలున్న చెట్ల ఫొటో తీసుకుని, మోషన్ బ్లర్‌ను 90 డిగ్రీల కోణంలో వేయండి. కాండాలు నిలువు గీతలుగా, ఆకులు రంగు తెరలుగా మారతాయి. ఇదే పనిని కెమెరాతో కూడా చేయొచ్చు. పావు సెకను నుంచి సెకను దాకా షటర్ తెరిచి ఉంచి, కెమెరాను పైనుంచి కిందికి జరపాలి. నా ఓటు కెమెరాకే. చేతి కదలిక ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు, ఆ తేడా ఫిల్టర్‌కి రాదు.

ఒకే చెట్టు, పది చూపులు: కాటలాన్ ఫొటోగ్రాఫర్ పెప్ వెంటోసా పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. ఒంటరిగా నిలబడిన చెట్టును ఎంచుకుని, దాని చుట్టూ నడుస్తూ ప్రతి నాలుగడుగులకూ ఒక ఫొటో తీయండి. కాండం ప్రతిసారీ ఫ్రేమ్‌లో ఒకే చోట ఉండాలి. ఆ ఫొటోలన్నీ లేయర్లుగా పేర్చండి. ఒపాసిటీకి ఒక చిన్న లెక్క ఉంది. కిందనుంచి మొదటి లేయర్ 100 శాతం, రెండోది 50, మూడోది 33, నాలుగోది 25, ఐదోది 20. అంటే 100ను ఆ లేయర్ వరుస సంఖ్యతో భాగించాలి. అప్పుడు అన్ని ఫొటోలూ సమానంగా కలుస్తాయి. కాండం కొంత నిలబడుతుంది, కొమ్మలూ ఆకులూ చుట్టూ రంగు పొడిలా చెదురుతాయి. మొదటిసారి వచ్చిన ఫలితం చూసి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

బ్లాక్ అండ్ వైట్: రంగుల కాలంలో రంగు తీసేయడమేంటని అనిపించవచ్చు. ఒకసారి చేసి చూడండి. ఎల్లో, ఆరెంజ్ స్లైడర్లు పెంచి, బ్లూ తగ్గిస్తే నల్లటి ఆకాశం ముందు తెల్లగా వెలిగే చెట్టు వస్తుంది. ఆకులు సగం రాలి కొమ్మల గీతలు బయటపడ్డ చెట్లకు ఇది బాగా నప్పుతుంది.

8. దాచుకునే ముందు

ఫొటోలో చీకటి (ఎడమవైపు) నుంచి వెలుగు (కుడివైపు) దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్ హిస్టోగ్రామ్. దాన్ని మూడు రంగులుగా విడదీసి చూడండి. మొత్తం వెలుగు సరిగానే ఉన్నా, రెడ్ చానెల్ ఒక్కటే కుడి అంచుకు గుద్దుకుని ఉండవచ్చు. ఆకు ఈనెలు మాయమయ్యేది అక్కడే. పసుపు ఆకుల్లో ఇబ్బంది ఇంకోలా వస్తుంది. బ్లూ చానెల్ ఎడమ అంచున సున్నాకి చేరి, అందులోని వివరమంతా పోతుంది. రెండిటికీ మందు ఒకటే, ఆ రంగు శాచురేషన్‌ను ఈనెలు తిరిగి కనిపించేదాకా తగ్గించడం. ఫొటోను 100 శాతం పెద్దది చేసి ఒక్క ఆకునే చూస్తూ ఈ పని చేయండి.

తర్వాత తెర ఆపేసి ఆ రోజుకి వదిలేయండి. గంటసేపు నారింజ రంగు చూసిన కన్ను దానికి అలవాటుపడిపోతుంది, ఇంకా కావాలంటుంది. మర్నాడు పొద్దున చూస్తే దాదాపు ప్రతిసారీ ఏదో ఒక స్లైడర్ కొంచెం వెనక్కి జరపాల్సే వస్తుంది.

ఇంటర్నెట్‌లో పెట్టేందుకైతే ఎస్‌ఆర్‌జీబీ కలర్ స్పేస్‌లో (ఫైల్లో ఏ రంగులు ఎంతవరకు ఉండొచ్చో చెప్పే ప్రమాణం) జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. వేరే కలర్ స్పేస్‌లో పెడితే కొన్ని తెరలమీద ఎరుపు పాలిపోతుంది. ప్రింట్ కోసం 16 బిట్ టిఫ్ ఫైల్ ఒకటి విడిగా దాచుకోండి. రా ఫైల్‌ను ఎప్పటికీ తొలగించొద్దు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ లాంటి పోటీలు ముందు వరుసకు వచ్చిన ఫొటోలకు అసలు ఫైల్ చూపించమంటాయి. ప్రయోగం చేసిన ఫొటోను నలుగురికీ చూపించేటప్పుడు "పన్నెండు ఫొటోలు కలిపి చేసింది" అని కింద ఒక్క ముక్క రాయండి. ఆ చెట్టును వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఉంటారు.