యూరిన్ కల్చర్‌కు ఆటోమేటిక్ ప్లేటింగ్: మెషిన్ కన్నా ముందు ట్యూబ్ సంగతి

ప్లేటింగ్ మెషిన్ (శాంపిల్‌ను బ్యాక్టీరియా పెరిగే అగార్ జెల్లీ ప్లేటుపై గీసే యంత్రం) ఆగిపోయేది ఎక్కువగా శాంపిల్ వల్లే. కూకట్‌పల్లి సెంటర్ నుంచి ఒక సైజు డబ్బా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంకో సైజు వస్తే మెషిన్ మూత తీయలేదు. అందుకే అన్ని కలెక్షన్ సెంటర్లకూ ఒకే రకం స్క్రూ క్యాప్ ట్యూబ్ పంపండి. బార్‌కోడ్ ట్యూబ్ పొడవునా నిలువుగా, ముడతల్లేకుండా అంటించాలి. వంకరగా ఉంటే స్కానర్ చదవదు.

మామూలు ట్యూబ్‌లో యూరిన్‌ను 2 గంటల్లోపు ప్లేట్ చేయాలి, లేదా 4 డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటల్లోపు చేయాలి. ట్రాఫిక్ దాటి శాంపిల్ వచ్చేసరికి 2 గంటలు ఇట్టే అయిపోతాయి కాబట్టి దారిలో బ్యాక్టీరియా పెరగకుండా ఆపి ఉంచే బోరిక్ యాసిడ్ ట్యూబ్ మేలు. కానీ గీత వరకు నింపాల్సిందే. తక్కువ పోస్తే యాసిడ్ గాఢత పెరిగి ప్లేటుపై కూడా బ్యాక్టీరియా ఎదగదు, ఇన్ఫెక్షన్ ఉన్న రోగికి కూడా నెగెటివ్ వస్తుంది. మే నెల ఎండలో బైకు మీద వెళ్లే పెట్టెను గది ఉష్ణోగ్రత కింద లెక్కేయకండి, ఐస్ ప్యాక్ పెట్టండి.

లోడ్ చేసే ముందు ట్యూబ్‌ను మెల్లగా 5, 6 సార్లు తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే నురగ వస్తుంది. లెవెల్ సెన్సర్ ఆ నురగనే ద్రవం అనుకుంటే లూప్‌కు (శాంపిల్ తీసి ప్లేటుపై గీసే చిన్న తీగ వలయం) యూరిన్ అందదు, ప్లేటు ఖాళీగా మిగులుతుంది. చూసేవాళ్లకు అది మామూలు నెగెటివ్‌లాగే కనిపిస్తుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేట్లు వానాకాలంలో చెమ్మ పడతాయి, కాలనీలు (బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు) కలిసిపోతాయి. మూత కొద్దిగా తెరిచి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 20-30 నిమిషాలు ఆరబెట్టండి. అగార్ మందం ఎగుడుదిగుడుగా ఉంటే లూప్ కొన్నిచోట్ల గీరుతుంది, కొన్నిచోట్ల తగలదు. 90 మి.మీ. ప్లేటుకు 20-25 మి.లీ. చదునుగా పోయాలి.

కొత్త మెషిన్‌పై రెండు పరీక్షలు తప్పనిసరి. ఈ.కోలై బ్యాక్టీరియా 0.5 మెక్‌ఫార్లాండ్ (మసకను బట్టి బ్యాక్టీరియా సంఖ్యను అంచనా వేసే ప్రమాణం) ద్రావణాన్ని వెయ్యి రెట్లు పలుచన చేసి 1 మైక్రోలీటర్ లూప్‌తో వేస్తే సుమారు 150 కాలనీలు రావాలి. మరీ తక్కువొస్తే లూప్ కొలతను అనుమానించండి. తర్వాత ఒక ట్యూబ్ బ్యాక్టీరియా ఇంకోదానికి అంటుతోందేమో చూడటానికి చిక్కటి ఈ.కోలై ట్యూబ్, స్టెరైల్ సెలైన్ ట్యూబ్ ఒకటి విడిచి ఒకటి పెట్టి నడపండి. సెలైన్ ప్లేటుపై ఒక్క కాలనీ వచ్చినా రోగుల శాంపిల్ పెట్టవద్దు.

ఇదే మెషిన్‌పై కఫం శాంపిల్ పెడితే దాన్ని నేరుగా ఎక్కించకండి. సమాన పరిమాణంలో డీటీటీ (కఫం జిగురును పలచబరిచే రసాయనం) కలిపి వోర్టెక్స్ మిక్సర్‌పై గిరగిరా తిప్పి, 15 నిమిషాలు ఆగి, తీగలు సాగడం పోయాకే లోడ్ చేయాలి.

కరెంటు పోయి బ్యాచ్ మధ్యలో ఆగితే సగం గీసిన ప్లేట్లు పారేసి, ఆ ట్యూబ్‌లను మళ్లీ స్కాన్ చేసి మొదటినుంచి ప్లేట్ చేయండి.