వేసవికి ముందు రణపాల, కలబంద వాడేవాళ్లకు జాగ్రత్తలు

ఎండలు ముదిరితే చెమట పట్టి మూత్రం చిక్కబడుతుంది, కిడ్నీలో రాళ్ల నొప్పీ అప్పుడే తిరగబెడుతుంది. రాళ్లకని పరగడుపున రణపాల ఆకులు నమలడం, వేడి చేసిందని కలబంద రసం తాగడం మన ఇళ్లలో అప్పుడే మొదలవుతాయి. బీపీకో గుండెకో మాత్రలు వేసుకునేవాళ్లు ఈ రెండూ కలిపి తీసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

రణపాలలో బ్యూఫాడైనోలైడ్లు అనే విషపదార్థాలు ఉంటాయి. గుండెకిచ్చే డిజాక్సిన్ మాత్రలాగే ఇవి గుండె కణాల్లో సోడియం, పొటాషియం అటూ ఇటూ మారే పనికి అడ్డుపడతాయి. మించితే వాంతులవుతాయి, నాడి మందగిస్తుంది లేదా లయ తప్పుతుంది. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలు మేసి పశువులు చనిపోతుంటాయి. పూలలో విషం మరీ ఎక్కువ, కాబట్టి చలికాలం చివర వేలాడే గంటల్లాంటి పూలను కషాయంలో వేయకండి.

రుచిని బట్టి మోతాదు తేల్చుకోవడం కుదరదు. ఈ ఆకు పొద్దున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుందని ఒకప్పుడు సామర్లకోట తోట చూసుకున్న బెంజమిన్ హేన్ 1815లోనే అచ్చువేయించాడు. ఆ పులుపు రాత్రిపూట ఆకులో చేరే మాలిక్ ఆమ్లానిది, విషానికీ దానికీ సంబంధం లేదు. నర్సరీలో దొరికే, ఆకు అంచు పొడవునా చెట్టు మీదే బుల్లి పిలకలు వేసే సన్నాకు మొక్క రణపాల కాదు, దాన్ని అసలు నోట్లో పెట్టకండి.

కలబందలో భయం తెల్ల గుజ్జుతో కాదు, తొక్క కిందుండే పసుపు పాలతో. ఎండబెడితే ముసాంబరం అయ్యేది అదే. అందులోని అలోయిన్ పేగుల్ని మెలిపెట్టి విరేచనాలు చేయిస్తుంది, వాటితో పొటాషియం పోతుంది. ఒంట్లో పొటాషియం తగ్గితే డిజాక్సిన్, రణపాల రెండూ గుండె మీద ఇంకా గట్టిగా పనిచేస్తాయి. నీరు పోయే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు అది ముందే తగ్గి ఉండొచ్చు.

కలబంద మట్టను మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో 15–20 నిమిషాలు నిలబెట్టండి. పసుపు కారడం ఆగాక కడిగి, ముళ్ల అంచులు తీసి, తొక్కను మందంగా చెక్కండి. గుజ్జు మీద పచ్చటి పొర మిగిలితే గీకేసి రెండుమూడు నీళ్లలో కడగండి. మట్ట మొత్తం మిక్సీలో వేయడమే చాలామంది చేసే పొరపాటు. ఇలా శుభ్రం చేసినా కొంత అలోయిన్ మిగలొచ్చు, అందుకే గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు ఇవ్వొద్దు.

5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు తనంతట తానే పడిపోతుంది. గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగితే చాలు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆకుల మీద ఆధారపడకండి.

రణపాల తిన్నాక వాంతులు, కళ్లు తిరగడం, గుండెదడ మొదలైతే 108కి ఫోన్ చేయండి. నీరసమని కొబ్బరినీళ్లు పట్టకండి: వాటిలో పొటాషియం ఎక్కువ, ఈ విషం ఎక్కినప్పుడు రక్తంలో అది ముందే ఒక్కసారిగా పెరిగి ఉండొచ్చు. తిన్న మొక్క కొమ్మ ఒకటి, వేసుకునే మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి, డాక్టరు ఈసీజీ తీయించి పొటాషియం చూస్తారు.