సంరక్షకత్వ చట్టం, సొంతంగా నేర్చుకుందాం – 3: మైనర్ వాటా అమ్మడానికి పిటిషన్ రాయడం

హిందూ కుటుంబంలో మైనర్ పిల్లలకు తండ్రి, ఆయన తర్వాత తల్లి సహజ సంరక్షకులని గత పాఠంలో చూశాం. తాత, బాబాయి ఎంత దగ్గరివాళ్లయినా కోర్టు నియమిస్తేనో, తల్లిదండ్రులు వీలునామాలో రాస్తేనో తప్ప సంరక్షకులు కారు. అయితే తల్లిదండ్రులకు కూడా పిల్లల స్థలాన్ని ఇష్టం వచ్చినట్టు అమ్మే అధికారం లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మకం, తాకట్టు, దానం, మార్పిడి, వీటిలో దేనికైనా కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి. అయిదేళ్లు దాటే లీజుకూ, పిల్లలకు 18 నిండాక ఏడాది దాటి కొనసాగే లీజుకూ ఇదే రూలు.

ఒక ఉదాహరణ తీసుకుని పిటిషన్ రాద్దాం. ఒకాయన తన సంపాదనతో కొన్న 300 గజాల ఖాళీ స్థలం ఉంది. వీలునామా రాయకుండా చనిపోయారు. భార్య, 14 ఏళ్ల కూతురు, 9 ఏళ్ల కొడుకు, ఆయన తల్లి ఉన్నారు. నలుగురికీ తలా పావు వాటా. (అత్తగారి వాటా చాలామందికి గుర్తే రాదు, లాయరు అడిగేదాకా.) 40 లక్షలకు బేరం కుదిరింది. భార్య "నా తరఫున, నా మైనర్ పిల్లల తరఫున" అని సంతకం పెట్టేస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని అయిపోవచ్చు. కానీ పిల్లలు 18 నిండిన 3 ఏళ్లలోపు కోర్టుకెళ్లి తమ వాటాల మేరకు ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. తెలిసిన కొనుగోలుదారు అందుకే కోర్టు ఆర్డర్ లేనిదే అడ్వాన్సు కూడా ఇవ్వడు.

పిటిషన్ వేయాల్సింది స్థలం ఉన్న ప్రాంతపు జిల్లా కోర్టులో. హైదరాబాద్ నగరంలో అయితే సిటీ సివిల్ కోర్టు.

మొదటి పేరాలో ఆస్తి ఎలా వచ్చిందో రాయండి. ఇది లాంఛనం అనుకోకండి. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో విడిపోని వాటా అయితే 8వ సెక్షన్ వర్తించదు. కుటుంబ కర్త (ఉమ్మడి ఆస్తి వ్యవహారాలు చూసే పెద్ద) చేసే అమ్మకం గురించి సుప్రీంకోర్టు 1996లో శ్రీ నారాయణ్ బల్ కేసులో ఈ మాటే చెప్పింది. మన ఉదాహరణలో స్థలం స్వార్జితం, వారసత్వంగా విడివిడి వాటాలుగా వచ్చింది కాబట్టి అనుమతి తప్పదు.

అసలు కష్టమంతా కారణం రాసే చోట. చట్టం ఒప్పుకునే కారణాలు రెండే: మైనర్ అవసరం, లేదా మైనర్‌కు స్పష్టంగా కనిపించే లాభం. చాలా పిటిషన్లలో ఇలా ఉంటుంది:

"కుటుంబ అవసరాల నిమిత్తం, అప్పులు తీర్చుటకు సదరు ఆస్తిని అమ్మవలసి ఉన్నది."

ఎవరి అప్పులు? పిల్లలకేంటి సంబంధం? జడ్జి మొదట అడిగేది అదే. అదే పేరా ఇలా రాయండి:

"సదరు స్థలం ఖాళీగా ఉన్నందున దానిపై మైనర్లకు ఎలాంటి ఆదాయం లేదు. ఒక్కొక్కరి వాటాకు వచ్చే 10 లక్షల రూపాయలను 18 ఏళ్లు నిండే వరకు వారి పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, వడ్డీని వారి చదువుకు మాత్రమే వాడుటకు పిటిషనర్ సిద్ధంగా ఉన్నది."

డబ్బు ఎక్కడికి పోతుందో రూపాయితో సహా కనిపించాలి. నా లెక్కలో పిటిషన్ నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

జతచేయాల్సినవి: మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, కొనుగోలు దస్తావేజు, ఈసీ (ఆస్తిపై తాకట్టు, అమ్మకం లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మార్కెట్ విలువ సర్టిఫికెట్, హద్దులతో షెడ్యూల్ (ఆస్తి వివరాల పట్టిక). అనుమతి ఇస్తూనే కోర్టు షరతులు పెట్టవచ్చు: వేలం వేయమనవచ్చు, సొమ్ము కోర్టులో జమచేయమనవచ్చు. అగ్రిమెంట్ ముందే రాసుకోవాల్సి వస్తే "కోర్టు అనుమతి వస్తేనే అమలు" అన్న షరతు తప్పక పెట్టండి.

అభ్యాసం: 15 ఏళ్ల పాపకు తాత గిఫ్ట్‌గా ఇచ్చిన అరెకరం పొలాన్ని తండ్రి నాలుగున్నరేళ్లకు లీజుకివ్వాలనుకుంటున్నాడు. అనుమతి కావాలా? జవాబు చెప్పే ముందు లీజు ముగిసేనాటికి పాప వయసెంతో లెక్కేయండి.