వీణ వాయించేవారి ఫొటోలో రాగం కనిపించాలంటే

వీణ పట్టుకుని కెమెరావైపు చూడమనకండి, ఓ పది నిమిషాలు ఆలాపన చేయమనండి. మొదట్లో కెమెరా ఉందన్న బిగువు ముఖంలో తెలిసిపోతుంది, అప్పుడు తీయొద్దు. మీరూ నేలమీదే కూర్చోండి. నిలబడి తీస్తే నడినెత్తి, వాలిన రెప్పలే పడతాయి.

అసలు క్షణం గమకంలో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంలో ఉంది. ఎడమచేతి వేళ్లు మెట్టుమీద (తీగల కింద అడ్డంగా ఉండే కడ్డీ) తీగను పక్కకి లాగుతుంటే కనుబొమలు కూడా దాంతోపాటే ముడిపడతాయి, ఎంత అందమో! లాగడం మొదలవగానే వరసగా నాలుగైదు తీసేయండి. 85 ఎంఎం లెన్సు, లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్/4, షట్టర్ 1/250 సెకను. రంధ్రం ఇంకా పెద్దగా తెరిచి ఎఫ్/1.8 పెడితే కళ్లు తేటగా వచ్చినా వేళ్లు మసకబారతాయి, గమకం పోతుంది.

ఫ్లాష్ వద్దే వద్దు, పాలిష్ పెట్టిన పనస చెక్కమీద తెల్లమచ్చ పడుతుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి రానిస్తే మైనంలో పొదిగిన మెట్లు ఒక్కొక్కటీ విడిగా మెరుస్తాయి.