క్లైంబింగ్ రోప్‌ను ఇంట్లో ఎక్కడ పెట్టాలి, ఎలా ఉతకాలి

కొండవీడు నుంచి రాగానే రోప్ బ్యాగును ఇన్వర్టర్ పక్కన పడేస్తున్నారా? ముందు అక్కణ్ణుంచి తీసేయండి. ఈ రోప్ నైలాన్‌ది, నైలాన్‌కు యాసిడ్ అస్సలు పడదు. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్. దాని చుక్క పడితే చాలు, ఆవిరి తగిలినా పోగులు బలం కోల్పోతాయి. పైకి మచ్చ కూడా కనపడకపోవచ్చు. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఉన్న అలమర కూడా అంతే. యాసిడ్ తగిలిందని అనుమానం వస్తే ఉతికి వాడదామనుకోవద్దు, ఆ రోప్‌ను వదిలేయండి.

మట్టి పట్టిన రోప్‌ను ఉతకాల్సిందే. ఇసుక రేణువులు పై అల్లికలోంచి లోపలికి దిగి పోగులను కోస్తాయి. నీళ్లు 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో బెజవాడ డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి. టబ్బులో కొద్దిగా గాఢత లేని సబ్బు కలిపి, రోప్‌ను మూరమూరకూ చేత్తో నలుపుతూ లాగండి. బ్లీచ్ కలిసిన పౌడర్, బట్టలకు వాడే కండిషనర్ వద్దు. నీళ్లు తేటపడేదాకా జాడించండి, పిండకండి.

డాబా మీద ఎండేయడం మనకు అలవాటే గానీ ఎండ నైలాన్‌ను తినేస్తుంది. గదిలో ఫ్యాను కింద, వదులుగా పరవండి. రెండు రోజులైనా పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. తడి రోప్‌కు బలం తక్కువ, పైగా బ్యాగులో పెడితే బూజు పడుతుంది.

ఆరాక మొత్తం పొడవూ వేళ్ల మధ్య జరుపుతూ చూడండి. ఎక్కడికక్కడ వంచితే గుండ్రంగా తిరగాలి. కాగితంలా మడత పడినా, మెత్తగా చేతికి తగిలినా లోపలి పోగులు దెబ్బతిన్నట్టే. పై అల్లిక చిరిగి లోపలి తెలుపు కనిపించినా అంతే. ఒక్కసారీ వాడకపోయినా తయారైన 10 ఏళ్లకు పక్కన పెట్టాలి. వారం వారం ఎక్కేవాళ్లకు ఏడాదే లెక్క. ముడులు విప్పి, చీకటిగా, పొడిగా, ఎలుకలు రాని బీరువాలో పెట్టండి. అటక వద్దు, వేసవిలో అది కొలిమి.

దెబ్బ ఒక చివరన ఉంటే అక్కడికి కోసి, కొసను కాల్చి వాడుకోవచ్చు. ఒక పక్క 3 మీటర్లు కోస్తే రెండో పక్కా అంతే కోయాలి, లేకపోతే రోప్ సగం ఎక్కడో చూపే మధ్య గుర్తు తప్పవుతుంది. కొత్త పొడవును బ్యాగు మీద రాసి, తోడు ఎక్కేవాళ్లకు చెప్పండి. ఎక్కినవాళ్లను రోప్‌తో దింపేటప్పుడు, కొస చేజారిపోకుండా అవతలి కొసకు ముడి వేయడం మరవద్దు.